మేజోళ్ల మిల్లు బడి

గుమ్మం మీద ఇత్తడి అక్షరాలతో లూమ్ స్ట్రీట్ చార్టర్ స్కూలని రాసి ఉన్నా, ఉత్తర ఫిలడెల్ఫియాలో ఆ చుట్టుపక్కల ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. మేజోళ్ల మిల్లు అంటారు. మీ అమ్మాయి ఎక్కడ చదువుతోందని అడిగితే మేజోళ్ల మిల్లులో అని జవాబొస్తుంది. బస్సు డ్రైవర్లు కూడా ఆ స్టాపు దగ్గర ఆ పేరే కేకేస్తారు. ఒకప్పుడు అక్కడ నిజంగానే ఆడవాళ్ల పట్టు మేజోళ్లు నేసేవారు. మిల్లు మూతపడి, కిటికీల అద్దాలు పగిలి, దూలాల మీద పావురాలు కాపురం పెట్టుకున్న చాలా ఏళ్లకు వెర్నా లాక్‌రిడ్జ్ దాన్ని బడి చేసింది.

అంతకుముందు వెర్నా ఆ దగ్గర్లోనే ఒక ప్రభుత్వ బడిలో ఐదో తరగతి టీచరు. టీచర్ల యూనియన్‌కు ఆ బడిలో ప్రతినిధి కూడా ఆమే. పొడుగాటి మనిషి, అడుగులు గట్టిగా వేసే మనిషి. వరండాలో ఆమె బూట్ల చప్పుడు వినిపిస్తే ప్రిన్సిపాల్ గబుక్కున ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. గదిలో హీటరు పనిచేయకపోయినా, పుస్తకాలు రాకపోయినా, ఏ టీచరుకు అన్యాయం జరిగినా వెర్నా వెళ్లి, అతను ఆ ఫోను పెట్టేసేదాకా ఎదురుగా నించునేది.

ఆమె మనసు విరగడానికి కారణమైంది రెనాటా సిమ్స్ అనే కుర్ర టీచరు సంగతి. రెనాటా ఒకటో తరగతికి చెప్పేది. అక్షరం ముక్క రాని పిల్లలు ఆమె దగ్గర శీతాకాలం రాకముందే కథలు చదివేవారు. ఒక అక్టోబరులో ఊళ్లో ఇంకెక్కడో ఒక బడి మూసేశారు. అక్కడి పాత టీచరు ఒకాయనకు సర్వీసు ఎక్కువ. నిబంధన ప్రకారం తక్కువ సర్వీసున్న వాళ్ల చోటు ఆయన తీసుకోవచ్చు. ఆయన రెనాటా చోటు తీసుకున్నాడు. యూనియన్ ప్రతినిధిగా ఆ నిబంధన ఏమిటో తల్లిదండ్రులకు చెప్పాల్సింది వెర్నాయే. చెప్పింది. ఆ వచ్చినాయన పిల్లలకు రంగులు వేసుకునే కాగితాలు పంచి, రిటైరయ్యే రోజు కోసం ఎదురు చూస్తూ కిటికీలోంచి బయటికి చూసేవాడు. తల్లులు ఫిర్యాదు చేశారు. విచారణలో ఆయన తరఫున మాట్లాడాల్సింది కూడా వెర్నాయే. చాలా బాగా మాట్లాడింది. ఆయన ఉద్యోగం నిలబడింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భర్త లమార్‌తో, "ఇవాళ నేను గెలిచాను. గెలిచినందుకు ఒళ్లంతా కంపరంగా ఉంది" అంది.

ఆ తర్వాత కొద్ది కాలానికే రాష్ట్రంలో చార్టర్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతోనే, పిల్లల దగ్గర ఫీజు తీసుకోకుండా, నగర విద్యాశాఖ పెత్తనం లేకుండా ఎవరైనా బడి నడుపుకోవచ్చు. కొన్నేళ్లకోసారి నగరం వచ్చి చూసి, బాగుంటే అనుమతి పొడిగిస్తుంది, బాగా లేకపోతే మూసేస్తుంది. వెర్నా తమ చర్చి పాస్టరు గెయిన్స్‌ను వెంటబెట్టుకుని తిరిగి తిరిగి ఆ అనుమతి సంపాదించింది.

మొదటి రెండేళ్లు బడి చర్చి నేలమాళిగలో నడిచింది. గదులు లేవు, తెరలే గోడలు. మూడో తరగతి టీచరు ఎక్కం అడిగితే తెర అవతల ఐదో తరగతి వాళ్లు జవాబు చెప్పేవారు. పాస్టరు గెయిన్స్ అంత్యక్రియల ప్రార్థన చేస్తుంటే కింద పిల్లలు ఖండాల పేర్లు పాడేవారు. "చచ్చినాయన భూగోళం నేర్చుకుని మరీ వెళ్తున్నాడు" అనేవాడు పాస్టరు. ఆ తర్వాత మిల్లు దొరికింది. దాన్ని కడిగింది, రంగులు వేసింది, కిటికీలు బిగించింది అంతా తల్లిదండ్రులే.

చోటు కంటే అడిగేవాళ్లు ఎక్కువైనప్పుడు లాటరీ తీయాలని చట్టం. చర్చిలో బింగో ఆడే డబ్బా తెచ్చి, పిల్లల సంఖ్యలు రాసిన బంతులు అందులో వేసి తిప్పేవారు. మొదటి లాటరీలో జాస్లిన్ ట్రెడ్‌వెల్ అనే బక్కపలచని పిల్లకు ఆఖరి చోటు దొరికింది. వాళ్ల అమ్మమ్మ పెట్టిన కేకకు దూలాల మీద మిగిలిన పావురాలన్నీ లేచిపోయాయి. బడి నడుపుతూనే వెర్నా పాఠం చెప్పే ఐదో తరగతిలో ఆ పిల్ల కూర్చుంది. ప్రశ్నలు అడిగి తినేసేది. "ఒక్క ప్రశ్న రేపటికి దాచుకో బంగారం, మిగతావాళ్లకి కూడా కాస్త ఊపిరి ఆడనీ" అనేది వెర్నా.

వెర్నా బడి నడిపిన పద్ధతి ఒకటే. పొద్దున్నే గుమ్మంలో నించుని ప్రతి పిల్లకూ పిల్లాడికీ చెయ్యి కలిపేది. కళ్లలోకి చూసి మరీ కలపాలి. మిగతా బళ్లకంటే ఎక్కువసేపు చదువు. తరగతిలో తల బల్ల మీద పెట్టకూడదు. టీచర్లందరికీ ఏడాది ఒప్పందమే. మే నెలలో ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, వచ్చే ఏడు ఉంటారో లేదో చెప్పేది. యూనియన్ లేదు. "ఇక్కడ మధ్యవర్తులెవరూ లేరు. నేను, మీరు, పిల్లలు" అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది. రెనాటాకు జరిగినట్టు తన బడిలో ఎవరికీ జరగదని ఆమె ధీమా.

మార్కులు పెరిగాయి. నగరం అనుమతి పొడిగించింది, మళ్లీ పొడిగించింది. వేరే రాష్ట్రాల నుంచి జనం వచ్చి, మెడలో చీటీలు వేలాడేసుకుని, తరగతుల్లో వెనక నించుని చూసి వెళ్లేవారు. అయితే టీచర్లు మాత్రం నిలిచేవారు కాదు. కాలేజీ నుంచి ఉరకలు వేస్తూ వచ్చేవారు. రెండేళ్లకు కళ్ల కింద నల్లటి చారలతో వెళ్లిపోయేవారు. వెర్నా దాన్ని వాళ్ల ఓపికలేనితనం కింద జమకట్టింది.

జాస్లిన్ కాలేజీ అయ్యాక అదే బడికి ఏడో తరగతి సైన్సు టీచరుగా వచ్చింది. వెర్నా ఆ ఏడంతా చూడవచ్చిన ప్రతి అతిథినీ ఆ తరగతికే తీసుకెళ్లింది. సాయంత్రం బడి అయ్యాక జాస్లిన్ వెర్నా గదికి వచ్చి, బూట్లు విప్పి కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చునేది. ఇద్దరూ ఆ రోజు పిల్లలు చేసిన వెధవ పనులు చెప్పుకుని నవ్వుకునేవారు.

అలా కొన్నేళ్లు గడిచాక మారిసోల్ కిన్యోనెస్ సంగతి వచ్చింది. మారిసోల్ ఒకటో తరగతి టీచరు, పోర్టోరికో వాళ్ల అమ్మాయి. బాగా చెబుతుంది. ఆమెకు ఒక జనవరిలో కాన్పు అయింది, కష్టమైన కాన్పు. తిరిగి రావడానికి ఆలస్యమైంది. ఆ తరగతికి ఒకరి తర్వాత ఒకరు తాత్కాలిక టీచర్లు వచ్చి పోయారు. పిల్లలు చదువులో వెనకబడ్డారు. మే నెలలో వెర్నా మారిసోల్‌ను గదిలోకి పిలిచి, వచ్చే ఏడు ఒప్పందం ఉండదని చెప్పింది.

ఆ మరుసటి వారం జాస్లిన్ వెర్నా గదికి వచ్చింది. బూట్లు విప్పలేదు. వెనక ఇంకో ఇద్దరు టీచర్లున్నారు.

"ఏంటి, ముగ్గురూ చర్చిలో పాటకి లేచినట్టు వరసగా నించున్నారు? కూర్చోండి" అంది వెర్నా.

ఎవరూ కూర్చోలేదు. "మిస్ వెర్నా, మేం యూనియన్ పెట్టుకుంటున్నాం" అంది జాస్లిన్. "టీచర్లలో ఎక్కువమంది సంతకాలు చేశారు. మీరు సరేనంటే ఓటింగూ గొడవా ఏమీ లేకుండా అయిపోతుంది."

వెర్నా చేతిలో కాఫీ కప్పు కింద పెట్టింది. "నీకెవరు ఎక్కించారిది?"

"ఎవరో ఎక్కిస్తే ఎక్కించుకునే రకమా నేను? మీకు తెలీదూ?"

"మారిసోల్ గురించేనా?"

"మారిసోల్‌తో మొదలైంది. పోయినేడు మ్యూజిక్ సారు, అంతకుముందు లైబ్రరీ ఆవిడ. మే నెల వస్తే మేమంతా మీ గది తలుపు వంకే చూస్తుంటాం. మీరు పిలిస్తే ఉద్యోగం ఉందో ఊడిందో తెలీదు."

"మంచి టీచరు ఇక్కడ దేనికీ భయపడక్కర్లేదు."

"మారిసోల్ మంచి టీచరు కాదా?"

"మంచిదే. కాని ఆరేళ్ల పిల్లలకి ఏడాదిలో ఎన్ని మొహాలు మారాయో చూశావు కదా. వాళ్ల గురించి ఎవరు మాట్లాడాలి?"

"ఆవిడకి బిడ్డ పుట్టింది, మిస్ వెర్నా."

"తెలుసు. ఆ బిడ్డకి దుప్పటి అల్లి ఇచ్చింది నేనే."

"అవును. దుప్పటి ఇచ్చారు, ఉద్యోగం తీశారు."

వెనకున్న ఇద్దర్లో ఒకరు దగ్గారు. వెర్నా లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వాళ్లకు వీపు పెట్టి నించుంది. "నేను ఒప్పుకోను. ఓటింగే పెట్టుకోండి. యూనియన్లంటే ఏంటో నీకంటే ముందు చూసినదాన్ని నేను."

"అందుకే ముందు మీ దగ్గరికొచ్చాం" అంది జాస్లిన్. ముగ్గురూ వెళ్లిపోయారు.

బడికి ఒక పాలకమండలి ఉంది. దాని ఛైర్మన్ ప్రెస్టన్ హావరిల్, గిడ్డంగుల వ్యాపారి. శనివారం సంగీతం, వేసవి శిబిరం, పై అంతస్తులో కొత్త లాబు, అన్నీ ఆయనా ఆయన స్నేహితులూ పెట్టించినవే. సంగతి వినగానే, "నువ్వు కంగారుపడకు వెర్నా. ఇలాంటివి సర్దేవాళ్లు వేరే ఉంటారు" అన్నాడు. వేరే రాష్ట్రం నుంచి ఒక సలహాదారును రప్పించాడు. ఆయన నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ల ఉండేది. టీచర్లందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి వెర్నా చేత మాట్లాడించాలన్నాడు. ఏం మాట్లాడాలో రాసి కూడా ఇచ్చాడు.

వంటగదిలోంచి వేపుడు బంగాళాదుంపల వాసన వస్తుండగా వెర్నా లేచి ఆ కాగితం చదివింది. "మనమంతా ఒక కుటుంబం. మన కుటుంబంలోకి బయటివాళ్లు వచ్చి చిచ్చు పెట్టాలని చూస్తున్నారు..."

లెక్కల టీచరు చెయ్యెత్తాడు. "మిస్ వెర్నా, మీ ఇంట్లో కూడా పిల్లల్ని ఏడాది ఒప్పందం మీదే పెంచారా?"

హాలంతా నవ్వింది. వెర్నాకు ఆ నవ్వు కంటే తను చదివిన వాక్యమే ఎక్కువ గుచ్చుకుంది. చాలా ఏళ్ల కిందట అదే వాక్యాన్ని తన పాత ప్రిన్సిపాల్ నోట విన్నది. అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది తనే. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఇది నేను రాసింది కాదు. రేపటి నుంచి మీ ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వస్తాను. నా మాట నేనే చెప్పుకుంటాను" అని కూర్చుంది. సలహాదారు బిళ్ల నమలడం ఆపాడు.

అన్నట్టుగానే బడి అయ్యాక ఒక్కో తరగతి గదికీ వెళ్లింది. పిల్లల చిన్న కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చుని, రెనాటా సిమ్స్ సంగతి చెప్పింది. రెనాటా వెళ్లిపోయే రోజు పిల్లలు ఆమె కోటు పట్టుకుని వదలకపోవడం చెప్పింది. కొందరి మనసు మారింది. కొందరు మర్యాదగా విని, మర్యాదగా తలూపారు. జాస్లిన్ గదికి మాత్రం వెళ్లలేదు.

వెళ్లేలా చేసింది హావరిల్. "ఆ సైన్సు అమ్మాయే దీనికంతటికీ మూలం. ఆమె పోతే మిగతావాళ్లు చల్లబడతారు. తరగతికి వెళ్లి కూర్చో. ఏదో ఒక తప్పు దొరుకుతుంది. ఎవరి తరగతిలో దొరకదు?"

వెర్నా అవుననలేదు, కాదనలేదు. తరగతులు చూడటం ఆమె పనే. ఆ ఏడు జాస్లిన్ తరగతి ఇంకా చూడాల్సే ఉంది.

వెళ్లేసరికి పిల్లలు వెనిగర్‌లో నానబెట్టిన గుడ్లను బయటికి తీస్తున్నారు. పెంకు కరిగిపోయి గుడ్డు మెత్తగా, దీపం వెలుగు అవతలికి కనిపించేంత పల్చగా ఉంది. ఒకడి చేతిలో గుడ్డు చితికింది. సొన నేల మీద పడింది. "ఛీ" అన్నారందరూ. "ఛీ తర్వాత. ముందు చూడండి. లోపల ఉన్నది ఇంతసేపూ కారకుండా ఏం పట్టుకుంది?" అంది జాస్లిన్. పిల్లలు ఆ సొన చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. వాదించుకున్నారు. ఒకమ్మాయి గుడ్డు పైపొరను రెండు వేళ్లతో ఎత్తి చూపించింది. వెర్నా కూడా తెలియకుండానే కుర్చీ ముందుకు జరిపింది.

అప్పుడే వెనక వరసలో ఒక పిల్ల తల బల్ల మీద పెట్టుకుని నిద్రపోవడం చూసింది. జాస్లిన్ ఆ పిల్ల పక్క నుంచే రెండుసార్లు నడిచింది. లేపలేదు.

గంట కొట్టాక, పిల్లలు వెళ్లాక వెర్నా అడిగింది. "వెనకమ్మాయి ఏంటి?"

"వాళ్లమ్మ రాత్రి డ్యూటీ చేస్తుంది. చంటి తమ్ముణ్ణి ఈ పిల్లే చూసుకోవాలి. కాసేపు పడుకోనిచ్చి, మధ్యాహ్నం విడిగా పాఠం చెప్తాను."

"రూలు తెలుసుగా?"

"తెలుసు." జాస్లిన్ తుడుపుగుడ్డతో నేల మీది సొన తుడుస్తూ తలెత్తకుండానే అంది. "రాసుకోండి."

వెర్నా రాసింది. పాఠం బాగుందని రాసింది, ఎందుకు బాగుందో రాసింది. ఒక పిల్ల నిద్రపోయిందనీ, దానికి కారణమేమిటో, టీచరు ఏం చేస్తోందో కూడా రాసింది. ఆ కాగితం చూసి హావరిల్ ఒక్క వాక్యం మీద వేలు పెట్టాడు. "ఇది చాలు. బడి నిబంధన మీరింది."

"చాలదు" అంది వెర్నా.

"ఎందుకు చాలదు? రాసింది నువ్వేగా."

"మొత్తం చదవండి. అందులో ఒక ముక్క కోసుకుంటే అది నేను రాసింది కాదు. దాని మీద నేను సంతకం పెట్టను."

"వెర్నా, నువ్వు ఎవర్ని కాపాడుతున్నావో తెలుస్తోందా? నీ బడిని నీ చేతుల్లోంచి లాక్కుంటున్న మనిషిని."

"ఆ మనిషితో దెబ్బలాట నాకుంది. అది నేను చూసుకుంటాను. మంచి టీచర్ని చెడ్డ టీచరని మాత్రం నా చేత అనిపించలేరు."

అది దయ కాదు. జాస్లిన్ మీద ఆమెకు ఇంకా మండుతూనే ఉంది. కాని తరగతి చూసి వచ్చి, చూసింది ఒకటీ రాసింది ఒకటీ అయితే ఇన్నేళ్లుగా తను రాసిన కాగితాలన్నిటికీ విలువ పోతుందని ఆమెకు అనిపించింది. హావరిల్‌కు ఈ సంగతి వివరించాలని కూడా అనిపించలేదు.

జూన్ మొదట్లో లైబ్రరీలో ఓటింగు జరిగింది. కార్మిక బోర్డు నుంచి వచ్చిన ఆవిడ అట్టపెట్టె బోర్లించి, ఒక్కో కాగితం విప్పి పైకి చదివింది. యూనియన్ గెలిచింది. తేడా పెద్దదేమీ కాదు. టీచర్లు గట్టిగా చప్పట్లు కొట్టబోయి, తలుపు దగ్గర నించున్న వెర్నాను చూసి మెల్లగా కొట్టారు. వెర్నా జాస్లిన్ దగ్గరికి వెళ్లి, పొద్దున గుమ్మంలో పిల్లలతో కలిపినట్టు కళ్లలోకి చూసి చెయ్యి కలిపింది. తర్వాత కారులో కూర్చుంది. భర్త లమార్ పోయి అప్పటికి రెండేళ్లు. ఇంటికెళ్లి చెప్పుకోవడానికి మనిషి లేడు.

హావరిల్ పాలకమండలి నుంచి తప్పుకున్నాడు. ఆయన స్నేహితులూ తప్పుకున్నారు. శనివారం సంగీతం ఆగింది. వేసవి శిబిరం ఆగింది. ట్రంపెట్లు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. తల్లులు కొందరు వెర్నాను తిట్టారు, కొందరు టీచర్లను తిట్టారు.

ఒప్పందం రాసుకోవడానికి ఆ వేసవంతా కూర్చున్నారు. ఏసీ పాడైన గది, రెండు పంకాలు, బల్లకు ఇటు వెర్నా, అటు జాస్లిన్, ఆమె పక్కన నగర యూనియన్ కార్యాలయం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. మొదటి రోజు మొదటి మాటగా వెర్నా, "మారిసోల్ సెప్టెంబరులో తన తరగతికి వస్తోంది. నిన్న ఫోన్ చేసి అడిగాను, వస్తానంది. ఇక మిగతావి చెప్పండి" అంది. జాస్లిన్ తన కాగితంలో మొదటి మూడు పేరాలు కొట్టేసింది.

చాలావరకు సులువుగానే నడిచింది. ఏడాది ఒప్పందాలు పోయాయి. తీసేయాలంటే కారణం చూపాలి, టీచరు మాట వినాలి. కాన్పు సెలవు, పనిగంటలు, అన్నీ తేలాయి. బల్లకు అటువైపు కూర్చునే విద్య వెర్నాకు బాగా తెలుసు కాబట్టి వాళ్లు అడగబోయేది ఆమె ముందే చెప్పేసేది. అప్పుడప్పుడు "అక్కడ ఆ మాట వద్దు, మీకే నష్టం" అని సరిదిద్దేది కూడా. ఆ పెద్దమనిషి బిత్తరపోయి చూసేవాడు.

చిక్కల్లా ఒక్కచోట వచ్చింది. పెద్దమనిషి తెచ్చిన నమూనాలో, టీచర్లను తగ్గించాల్సి వస్తే సర్వీసు తక్కువ ఉన్నవాళ్లు పోవాలనీ, ఎక్కువ ఉన్నవాళ్లు వాళ్ల చోటు తీసుకోవచ్చనీ ఉంది.

"ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు" అంది వెర్నా. "దీనికి నేను ఒప్పుకోను. పొద్దుగూకేదాకా కూర్చోబెట్టినా ఒప్పుకోను." రెనాటా కథ మళ్లీ చెప్పింది. జాస్లిన్‌కు చెప్పడం అదే మొదటిసారి.

జాస్లిన్ మొత్తం విన్నది. "మీరు చెప్పేది నిజమే, మిస్ వెర్నా. కాని ఆ రూలు అసలెందుకు పుట్టిందో మీకు తెలుసు. ప్రిన్సిపాల్‌కి కిట్టనివాళ్లని ముందు గెంటేయకుండా."

"నేనున్నంతకాలం అలా జరగదు. నీ విషయంలోనే చూశావుగా."

"చూశాను." జాస్లిన్ గొంతు తగ్గింది. "ఎవరో చెప్పారు నాకు, మీరు సంతకం పెట్టలేదని. కాని మీరు ఎల్లకాలం ఉండరు కదా. మీ తర్వాత ఎవరొస్తారో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మీ మంచితనాన్ని నమ్ముకుని మేం కాగితం రాసుకోలేం."

పంకా ఒకటి కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. వెర్నా రుమాలుతో మెడ తుడుచుకుంది. బడి పెట్టిన రోజు నుంచీ తను లేని బడి ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారి కూడా ఊహించుకోలేదు.

చివరికి ఇద్దరూ పెన్సిలుతో కొట్టేస్తూ రాస్తూ ఒక వాక్యానికి వచ్చారు. బడి మొదలయ్యాక ఏడాది మధ్యలో ఏ తరగతి టీచరునూ ఎవరూ కదపకూడదు. తగ్గింపులు ఏవైనా వేసవిలోనే, అప్పుడు సర్వీసు చూడాలి. నగర కార్యాలయం పెద్దమనిషి ముఖం చిట్లించాడు. "ఇది ఎక్కడా లేదు. మావాళ్లు ఒప్పుకోరు."

"మీవాళ్లు ఏడో తరగతికి పాఠాలు చెప్పరుగా" అంది జాస్లిన్. "సంతకం పెట్టేది మేం."

ఆ తర్వాత ఏమైందంటే, కొంత బాగుపడింది, కొంత చెడింది. టీచర్లు నిలబడటం మొదలుపెట్టారు. పిల్లలు ఏడాది తర్వాత ఏడాది అవే ముఖాలు చూశారు. మరోపక్క ఎనిమిదో తరగతికి వచ్చిన కొత్త లెక్కల టీచరు ఒకాయన పాఠం చెప్పకుండా సినిమాలు వేసేవాడు. పాత పద్ధతిలో అయితే మే నెలలో సాగనంపేవారు. ఇప్పుడు హెచ్చరిక, సాయం, మళ్లీ గడువు, విచారణ అంటూ రెండో ఏడు నడుస్తోంది. పిల్లల ఏడాది లెక్కలు నీళ్లలో కలిశాయి. వెర్నా తనే వాళ్ల తల్లిదండ్రులను పిలిచి ఆ మాట చెప్పింది, మిగతా టీచర్లలో ఎవరూ కాదనలేదు. ఆ టీచరు తరఫున కూర్చునే ప్రతినిధి జాస్లిన్. నగరం వచ్చి చూసి, పొగడకుండా తిట్టకుండా అనుమతి పొడిగించి వెళ్లింది.

జాస్లిన్ సాయంత్రాలు వెర్నా గదికి రావడం మానేసింది. రాకూడదని ఎవరూ అనలేదు. ఎదురుపడితే మర్యాదగా మాట్లాడుకునేవారు. పని ఉంటే కాగితాలతో వచ్చి, పని అయ్యాక వెళ్లేది.

ఆ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మంచు పట్టుకుంది. పిల్లలను తొందరగా ఇళ్లకు పంపేశారు. వెర్నా కారు రిపేరు షెడ్డులో ఉంది, పొద్దున బస్సులో వచ్చింది. ఇప్పుడు బస్సులు ఆగిపోయాయి. గుమ్మంలో గొడుగు పట్టుకుని నించుంటే, జాస్లిన్ కారు వచ్చి ఆగింది.

"ఎక్కండి మిస్ వెర్నా. ఆ గొడుగు దేనికి, మంచుని బెదిరించడానికా?"

దారంతా మంచు గురించే మాట్లాడుకున్నారు. ఉప్పు లారీలు ఈ వీధుల్లోకి ఎప్పుడూ ఆఖరునే వస్తాయనుకున్నారు. తన అమ్మమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయిందని జాస్లిన్ చెప్పింది. వెర్నా ఇంటి ముందు మంచు తవ్వి ఖాళీ చేసిన చోట ఒక మడతకుర్చీ వేసి ఉంది.

"ఎవరో చోటు ఆపుకున్నట్టున్నారు. నేను ముందుకెళ్లి ఆపుతాను" అంది జాస్లిన్.

"అది నా కుర్చీయే. పక్కింటాయన నాకోసం తవ్వి పెడతాడు. నా కారు ఎలాగూ షెడ్డులోనే ఉంది కదా, ఇక్కడే ఆపు." వెర్నా దిగి కుర్చీ మడిచి చంకలో పెట్టుకుంది. "లోపల తీపి ఉంది, 'చిలగడదుంప పై'. నిన్న చేశాను. ఒక్కదాన్నే ఎంతని తింటాను?"

జాస్లిన్ కారును ఆ ఖాళీ చోట్లోకి తిప్పింది. ఇంజను ఆపింది.

వంటింట్లో నించునే తిన్నారిద్దరూ. జాస్లిన్ రెండో ముక్క అడగకుండానే కోసుకుంది. కిటికీ అవతల వీధి దీపాలు ముందే వెలిగాయి.

"సోమవారం విచారణ ఉంది, గుర్తుందిగా? ఆ లెక్కల సారుది" అంది జాస్లిన్, చేతిని నీళ్ల కింద పెడుతూ.

"గుర్తుంది. నేను వదలను."

"వదలమని అనట్లేదు నేను. ఆయనకి ఇవ్వాల్సిన సాయం మీవాళ్లు సరిగ్గా ఇవ్వలేదు. అది అడుగుతాను."

"అడుగు. ఇచ్చాం. కాగితాలు తెస్తాను."

"తెండి." జాస్లిన్ కోటు తొడుక్కుంది. వెర్నా మిగిలిన తీపి ముక్కలు రేకుకాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది, మీ అమ్మమ్మకు అని.

"మూల దగ్గర నెమ్మదిగా తిప్పు, జారుతుంది అక్కడ" అని తలుపు దగ్గర నించుంది. కారు మూల తిరిగేదాకా అక్కడే ఉండి, లోపలికొచ్చి పళ్లేలు కడిగింది.